గవర్రాజుగారి కొత్త మీటరు

గవర్రాజుగారికి రైసుమిల్లు ఉంది, మిల్లుకు మించిన దర్పం ఉంది. మోటార్లు బాగుచేసే పైడమ్మ ఎంచిన, తీగలో కరెంటు ఉందో లేదో చూపే మీటరును చవకదని తోసేసి, కొట్లో అన్నిటికన్నా ఖరీదైనది కొన్నారు.

ఒకరోజు మిల్లులో ఒక మోటారు మొరాయించింది. "తీగ ముట్టుకోవాలి, మెయిను ఆపండి బాబూ" అని పైడమ్మ అయిదోసారి మొత్తుకుంది.

"ఒక్క మోటారు కోసం మిల్లంతా ఆపాలా? ఇదిగో, నా మీటరు తీగ మీద పెట్టాను. సున్నా! కరెంటు లేదు, పట్టుకో."

ఈయనకు చెప్పడం, గోడకు చెప్పడం ఒకటేనని పైడమ్మ విసుక్కుంది. పట్టుకోనంటే పని పోతుంది, పట్టుకుంటే ప్రాణమే పోవచ్చు.

"సరే బాబూ. తమరి పక్కన టేబుల్ ఫ్యాను తిరుగుతోంది కదా, ఆ ప్లగ్గు బోర్డులో కూడా ఒకసారి పెట్టి చూడండి."

పెట్టారు. అక్కడా సున్నాయే.

"చూశారా, ఫ్యానుకీ కరెంటు లేదట! అంత నమ్మకమైన మీటరు కాబట్టి తీగ ముందు తమరే పట్టుకోండి. తర్వాత నేను పట్టుకుంటాను."

గవర్రాజుగారు తిరుగుతున్న ఫ్యాను వంక చూశారు, తీగ వంక చూశారు. వెళ్లి మెయిను ఆపారు. మిల్లూ ఫ్యానూ ఒక్కసారే ఆగిపోయాయి.

"ఇప్పుడు మీ మీటరు నిజమే చెబుతోంది బాబూ" అంటూ పైడమ్మ తీగ అందుకుంది.