ఎర్రపోగుల కొసలు

అనగనగా, దేశానికో కోటగుమ్మం ఉన్న కాలంలో, మలయవాడి రాజ్యానికి వానలు మొహం చాటేశాయి. అక్కడి నేతగాళ్లు మూటలు కట్టుకుని తామ్రపురం చేరారు. తామ్రపురం వాళ్లకు కూడు పెట్టింది. నేసుకోమని ఎర్రనూలు ఇచ్చింది.

కొన్నేళ్లకు తామ్రపురం రేవుకు ఓడలు రావడం మానేశాయి. చీరలు కొనే దిక్కు లేదు. తిండి చాలనప్పుడు ముందు కంట్లో పడేది బయటివాళ్లే కదా. పొమ్మన్నారు. నేతగాళ్లు మళ్లీ పడవెక్కారు, ఈసారి శంఖద్వీపానికి.

మూడు మగ్గాల వాళ్లున్న ఓ పడవలో పుకారు పుట్టింది. ఒక దేశం పొమ్మన్నవాళ్లని శంఖద్వీపం రానివ్వదట.

నేతగాళ్లకో పద్ధతి ఉంది. బట్ట కోశాక మగ్గపు అచ్చులో, అంటే పోగులు దూరే పళ్ల చట్రంలో, పాత పోగుల కొసలు వదిలేస్తారు. కొత్త పోగుల్ని ఆ కొసలకే అతుకుతారు. మళ్లీ ఒక్కో పోగూ అచ్చులోకి గుచ్చే పని తప్పుతుంది. వెంట తెచ్చుకున్న అచ్చుల్లో ఇప్పుడా కొసలన్నీ తామ్రపురం ఎరుపే. గుట్టు తెలిసిపోతుందని సోమలింగం తన కొసలన్నీ పీకి సముద్రంలో పారేశాడు. అతని బావమరిది కొండమయ్యా అంతే చేశాడు. ముసలి నాంచారమ్మ మాత్రం పీకలేదు.

"ఆ ఎర్రపీచు చూస్తే నీతోపాటు మమ్మల్నీ వెనక్కి తోసేస్తారక్కా," అన్నాడు సోమలింగం.

"ఇన్నేళ్లు అన్నం పెట్టిన నూలురా. పెట్టలేదని ఏ నోటితో చెప్పను?"

కోటగుమ్మం దగ్గర అధికారి, ఏ దేశం మీదని అడిగాడు. సోమలింగం నేరుగా మలయవాడి నుంచే వస్తున్నామన్నాడు. కొండమయ్య తలూపాడు. నాంచారమ్మ రెండు దేశాల పేర్లూ చెప్పింది.

అధికారి వాళ్ల అచ్చులకేసి చూశాడు. ముగ్గురికీ తెల్లనూలు ఇప్పించి, అచ్చులు బిగించుకోమని గుమ్మం పక్కన మగ్గాలు చూపించాడు. పొద్దుగూకేలోగా మూరెడు చేతిగుడ్డ నేసినవాళ్లే లోపలికి.

బావా బావమరుదులు ఖాళీ అచ్చులోకి ఒక్కో పోగూ గుచ్చుతూనే ఉన్నారు. నాంచారమ్మ ఎర్రకొసకు తెల్లపోగు మెలిపెట్టుకుంటూ పోయింది. పొద్దు వాలేసరికి ఆమె గుడ్డ తయారు. వాళ్ల అచ్చు సగమైనా నిండలేదు.

"నువ్వు రామ్మా. వాళ్లు పడవెక్కాలి," అన్నాడు అధికారి.

సోమలింగం భార్య చంటిబిడ్డను పొదువుకుని లేచింది. నాంచారమ్మ గుమ్మం దాటలేదు.

"ఒకచోట కరువు తరిమింది, ఒకచోట మనుషులు తరిమారు బాబూ. భయపడి అబద్ధమాడారు. రేపటిదాకా గడువిస్తే వాళ్ల పక్కన కూచుని నేనూ పోగులు గుచ్చుతాను. కాదంటే వాళ్లతోపాటే నేనూ వెళ్తాను."

అధికారి సోమలింగం వైపు తిరిగి, ఏ దేశం మీదని మళ్లీ అడిగాడు.

సోమలింగం అన్నాడు, "మలయవాడిలో పుట్టాను. తామ్రపురంలో బతికాను. ఇక్కడ బతకనిస్తారా అని అడుగుతున్నాను."

అధికారి రేపటిదాకా గడువిచ్చి, అతని చేతికి మరో కండె తెల్లనూలు ఇచ్చాడు.

పిల్లలూ, తమకు కూడు పెట్టిన చోటును దాచని మనిషినే కొత్త చోటు నమ్ముతుంది.