అభిషేకం లేని తూనీగ తల్లి

పలకలగుట్ట మీద వెలసిన తూనీగ తల్లికి అభిషేకం లేదు. మెట్ల దగ్గర ఈ మాట ఇంతింత అక్షరాలతో రాసిపెట్టినా, పాలచెంబులతో ఎక్కేవారు ఎక్కుతూనే ఉన్నారు. అమ్మకు నీళ్లంటే కోపం కాదు. ఒకప్పుడు నీళ్ల వల్ల జరిగిన నష్టం తెలిస్తే చెంబు మీరే కింద పెడతారు. గర్భగుడిలో ఉన్నది బూడిదరంగు రాతిపలక. దాని మీద ఏ ఉలీ చెక్కని తూనీగ, పక్కన ఒక ఆకు, సన్నని ఈనెలతో సహా కనిపిస్తాయి. తూనీగకు రెక్కలు మూడే. నాలుగోది ఏదని అడగని భక్తుడు లేడు.

పూర్వం ఇక్కడ దుర్గయ్య, ఈదమ్మ అనే వడ్డెర దంపతులు పలకరాయి తీసి బతికేవారు. ఆయన గునపంతో బండ లేపితే, ఆమె పొరల సందున ఉలి పెట్టి విడదీసేది. వారికి లేకలేక ఆడపిల్ల పుట్టి, పేరు పెట్టే ఇరవై ఒకటో రోజు రాకముందే కన్నుమూసింది. పేరైనా పెట్టని బిడ్డకు అంత ఏడుపేమిటని ఇరుగుపొరుగు మందలించారు. పాపం, ఓదార్చాలనే అన్నారు. ఈదమ్మకు మాత్రం ఆ మాట గుండెలో గుచ్చుకుంది. పిలిచి ఏడవడానికి పేరు లేదు. బిడ్డ పుట్టిందన్న గుర్తే లోకంలో మిగల్లేదని కుమిలిపోయింది.

నెల తిరక్కుండానే మళ్లీ పనిలోకి దిగింది. ఒకనాడు పలక విడదీయగానే లోపల తూనీగ కనబడింది. అయ్యో, రాతిలో చిక్కుకుపోయిందే అనుకుంది. దప్పికతో ఉందేమో, తడిస్తే కదులుతుందేమోనని తాగే కుండలోని నీళ్లు పోసి, కొంగుతో మెల్లగా అద్దింది. నల్లని పొరలా ఉన్న ఒక రెక్క పొడిపొడిగా లేచి నీళ్లతో జారిపోయింది.

"నా చేతిలో ఏదీ నిలవదయ్యా" అని భర్త దగ్గర వెక్కివెక్కి ఏడ్చి, ఆ బండ నీడనే నిద్రపోయింది.

ఆ మధ్యాహ్నపు కలలో అమ్మ కనిపించింది. ఇది ఒకప్పుడు గుట్ట కాదని, కదలని నీళ్ల మడుగని చెప్పింది. తూనీగ అందులో పడి అడుగుకు చేరగానే, చేప కొరక్కుండా, గాలి తగిలి కుళ్లకుండా మెత్తని ఒండ్రు కప్పేసిందట. రాలిన ఆకుకూ అదే దుప్పటి. ఏటికేడు పొర మీద పొర పేరుకుని, ఆ బరువుకు ఒండ్రు రాయైంది.

"గాలికే చిరిగే రెక్కను ఇన్ని యుగాలు దాచినదాన్ని, నీ బిడ్డను దాచలేనా? నీళ్లు పోయకు, బిడ్డా. పేరు పెట్టు" అంది.

ఈదమ్మ లేచి వాగు ఒడ్డు నుంచి ఒండ్రు తెచ్చింది. ముద్ద చేసి, ఆకు అద్ది, నీలవ్వ అని పిలిచి, పైన మరో పొర కప్పింది. దుర్గయ్య కూడా ఆ పేరు పిలిచాడు. బిడ్డ పోయాక ఆయన ఏడ్చింది అప్పుడే.

పేరు పెట్టకముందే బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లిదండ్రులు నేటికీ ఇక్కడికి వచ్చి అలాగే చేస్తారు. వారు పేరు పలకగానే, వరుసలో ఎవరున్నా దాన్ని తిరిగి పలకాలి. అమ్మ సంతానమిస్తుందని, రోగాలు కుదురుస్తుందని మేము రాయం. వచ్చినవారు కాస్త తేలికపడి గుట్ట దిగడం మాత్రం కళ్లారా చూస్తున్నాం. గుడిలో పూజ చేసేది ఈదమ్మ వంశంలోని ఆడవారే. రోజూ తలుపు తీయగానే వారు మొదట పిలిచేది నీలవ్వను.