ఎవరూ ఓడని చదరంగం

ఆ ఎండాకాలం కొండవాలు మీద బలుసు పొద ఒక్కటే పచ్చగా మిగిలింది. దాని నీడ కోసం కుందేళ్ళూ కౌజుపిట్టలూ రోజూ తగువులాడుకుంటున్నాయి.

ఒకనాడు నక్క వచ్చి పెద్దమనిషిలా గొంతు సవరించుకుంది.

"కొట్టుకోవడం దేనికి? కుందేళ్ళలో సింగన్న, కౌజుల్లో మాచమ్మ చదరంగంలో తలపండినవాళ్ళు. ఒక్క ఆట ఆడనివ్వండి. ఓడినవాళ్ళ జాతంతా పొద వదిలి పోవాలి. ఆడేటప్పుడు మాటల్లేవు. సరేనా?"

అందరూ సరేనన్నారు. సింగన్న, మాచమ్మ మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బండమీద గళ్ళు గీసుకుని, రాళ్ళే పావులుగా ఏళ్ళతరబడి సరదాగా ఆడుకున్న జోడీ అది.

ఎండ నడినెత్తికొచ్చేసరికి మాచమ్మ ఓటమి అంచుకు చేరింది. సింగన్న బంటు ఇంకొక్క గడి జరిగితే మంత్రి అయిపోతుంది. తన పిల్లలెక్కడ తలదాచుకోవాలి?

సింగన్న ఆ బంటును ముట్టుకోలేదు. గుర్రాన్ని వెనక్కి దూకించాడు.

'ఇదేమిటి? ఈయనకు చూపు మందగించిందా?' మాచమ్మకు అంతుపట్టలేదు. చూద్దామని తన ఏనుగును పక్కకు జరిపింది. సింగన్న అదే గుర్రాన్ని మళ్ళీ ముందుకు తెచ్చాడు.

పొరపాటు కాదిది. మరెందుకు? తలెత్తి చుట్టూ చూసింది. నక్క బండ దగ్గర లేదు. పొదలోంచి బయలుకు పోయే దారిలో కూర్చుని మూతి నాక్కుంటోంది.

"ఓడినవాళ్ళు ఇటే కదా పోయేది? పిల్లాజెల్లాతో సహా?" అని దారినపోయే ఉడుతను ఆరా తీస్తోంది.

మాచమ్మ ఈకలు నిక్కబొడుచుకున్నాయి. చటుక్కున ఏనుగును పాత గడిలోకి లాగేసింది. గుర్రం వెనక్కి, ఏనుగు పక్కకి. గుర్రం ముందుకి, ఏనుగు ఇంటికి.

నక్క పరుగెత్తుకొచ్చింది. "ఏమిటీ ముందుకూ వెనక్కూ?"

"ఆట మూడుసార్లు అక్కడికే వచ్చింది. డ్రా!" అన్నాడు సింగన్న.

"అంటే?"

"ఎవరూ గెలవలేదు, ఎవరూ ఓడలేదు," అంది మాచమ్మ.

"కుదరదు! ఎవరో ఒకరు పోవాల్సిందే!"

"ఓడినవాళ్ళు పోవాలన్నావు. ఓడిందెవరో చూపించు, నక్కబావా," అన్నాడు సింగన్న.

"అయితే మళ్ళీ ఆడండి!"

"ఒక్క ఆటేనన్నది నువ్వేగా!" అంది మాచమ్మ.

"మా తగువులో నీకెందుకంత ఆత్రం?" అనడిగిందో ముసలి కుందేలు. నక్క చూపు పిల్లల మీదికి జారింది. అప్పటికి అందరికీ విషయం అర్థమైంది. అన్ని కళ్ళూ తనమీదే ఉండేసరికి నక్క ఖాళీ కడుపుతో కొండ దిగిపోయింది. ఆ పూటే పొదను చెరిసగం పంచుకున్నారు.

"అన్నా, బంటు జరిపితే గెలిచేవాడివి కదా?" అంది మాచమ్మ.

"గెలిస్తే రేపు నాకెదురుగా కూర్చునేదెవరమ్మా?" అన్నాడు సింగన్న, రాళ్ళు మళ్ళీ పేరుస్తూ.

నీతి: ఇద్దరిలో ఒకరు ఓడి తీరాలని మూడోవాడు పట్టుబడితే, ముందు వాడి ఆకలేమిటో చూడాలి.