చారలమ్మ పెట్టిన పరీక్ష

కాలవ గట్టున మూతపడిన బియ్యం మిల్లు ఒకటుంది. మనుషులు దాన్ని వదిలేసి చాలాకాలమైంది గాని, పిల్లులు మాత్రం వదల్లేదు. ఎందుకు వదుల్తాయి? లోపల గోనెసంచులు గుట్టలు గుట్టలుగా పడున్నాయి. వాటి సందుల్లో ఎలుకలున్నాయి. బయట ధాన్యం ఆరబోసే గచ్చు మీద పొద్దున్నే హాయిగా ఎండ పడుతుంది. పిల్లి పుట్టుక పుట్టాక ఇంతకంటే కావలసిందేముంది చెప్పండి.

ఆ మిల్లుకి పెద్దదిక్కు చారలమ్మ. ఒళ్ళంతా బూడిదరంగు చారలున్న ముసలి పిల్లి. పిల్లుల వైద్యంలో ఆ చుట్టుపక్కల ఆవిడని మించినవాళ్ళు లేరు. గొడ్లకీ గొర్రెలకీ మందులిచ్చే వైద్యులు పిల్లుల వైద్యం కూడా చెయ్యాలనుకుంటే, ఆవిడ దగ్గరికొచ్చి పైచదువు చదవాల్సిందే. చదువు పూర్తయ్యాక ఆవిడ పతకాలూ బిరుదులూ ఇవ్వదు. ‘ఈయన్ని నమ్మొచ్చు’ అని ఊళ్ళో పిల్లులకి ఒక్క మాట కబురు పెడుతుంది. ఆ మాట ఉంటే ఏ పిల్లయినా వైద్యుడి ముందు ఒళ్ళు అప్పగించి పడుకుంటుంది. లేకపోతే గోడెక్కి కూచుంటుంది.

ఆ ఏడు ఆవిడ దగ్గర ఇద్దరు చేరారు. ఒకడు నక్క నాగభూషణం. పిల్లుల మీద వాడికి ప్రేమ కారిపోతోందని కాదు. ‘స్పెషలిస్టు’ అనిపించుకోవాలని వాడి సరదా. రెండోవాడు గోధుమయ్య. గోధుమయ్య కుక్క.

నవ్వకండి. పిల్లుల వైద్యం కోసం కుక్క వచ్చాడంటే దాని వెనక పెద్ద బాధే ఉంది. గోధుమయ్య పాడి కొట్టం దగ్గర మంచి పేరున్న వైద్యుడు. గేదెలకి చూశాడు, మేకలకి చూశాడు, తన సాటి కుక్కలకి సరేసరి. ఆ కొట్టంలోనే ముత్యమనే తెల్లపిల్లి ఉండేది. దానికి ఒళ్ళు వెచ్చబడిందని తెలిసి, కుక్కలకిచ్చే జ్వరం మందే ఒళ్ళు చిన్నదని కాస్త తగ్గించి ఇచ్చాడు. పిల్లంటే చిన్నసైజు కుక్కేగా అనుకున్నాడు. ఎలా ఉందని అడిగితే ముత్యం బాగానే ఉన్నానంది. గురగురమని చప్పుడు కూడా చేసింది. బాగుందనుకుని వెళ్ళిపోయాడు. తెల్లారేసరికి ముత్యం ప్రాణంతో లేదు. కుక్కకి పడే ఆ మందు పిల్లికి విషం.

ముత్యం అక్క ఏడవలేదు, తిట్టలేదు. “నువ్వు చెడ్డవాడివి కాదు డాక్టరూ. కానీ మావాళ్ళ జోలికి ఇక రాకు” అంది. ఆ తర్వాత కొట్టం పిల్లులకి జబ్బు చేసినా గోధుమయ్యని దగ్గరికి రానివ్వలేదు. వాటికి ఇంకో వైద్యుడూ లేడు. గడ్డివాము వెనక అవి దగ్గుతుంటే వినడం, వెళ్ళలేకపోవడం. చారలమ్మ మాట తప్ప ఆ గడప దాటించేది మరొకటి లేదని అతనికి తెలుసు. అందుకే వచ్చాడు.

చారలమ్మ మొదటిరోజే అతన్ని ఎగాదిగా చూసింది.

“ముందు ఆ తోక ఆపు” అంది.

“ఇష్టంగా ఊపుతున్నానమ్మా” అన్నాడు గోధుమయ్య.

“నీకు అది ఇష్టం. మాకు అది కోపం. తోక కొట్టుకుంటోందంటే మీదపడతాడని మా భాషలో అర్థం. దాని మీద కూచో.”

గోధుమయ్య తోక మీద కూచున్నాడు.

“ఎందుకలా గుడ్లప్పగించి చూస్తావు? కళ్ళలోకి చూడకు. పక్కకి తిరిగి కూచో. ఓరకంట చూడు. రెప్పలు మెల్లిగా వాల్చు.”

“అలా అయితే ఏం కనిపిస్తుందమ్మా?”

“కూచోవడం నేర్చుకో నాయనా, అన్నీ కనిపిస్తాయి.”

అలా కూచోడానికి గోధుమయ్యకి తల ప్రాణం తోకకొచ్చింది. ఎవరైనా కనబడితే ఎగిరి వాసన చూడాలనిపించే జాతాయె. పైగా కుక్కకి ముల్లు గుచ్చుకుంటే వీధంతా వినబడేలా ఏడుస్తుంది. నొప్పున్నవాడు చెప్పుకుంటాడనే అతను పుట్టినప్పట్నించీ అనుకుంటున్నాడు. ఇక్కడ ఆ లెక్క పనికిరాలేదు.

“మేము చెప్పం” అనేది చారలమ్మ. “ఒళ్ళు బాగోలేదని బయటపడితే పెద్ద జంతువేదో వచ్చి ఎత్తుకుపోతుందని మా తాతల కాలం నించీ భయం. అందుకే దాచుకుంటాం. గురగుర వినగానే సంతోషమనుకోకు. ప్రాణం పోతున్నప్పుడు కూడా ఆ చప్పుడు చేస్తాం, మమ్మల్ని మేమే ఓదార్చుకోడానికి.”

అది విన్నరోజు గోధుమయ్య అన్నం ముట్టలేదు.

నాగభూషణానికి ఇలాంటి బాధలేం లేవు. చారలమ్మ చెప్పిందల్లా కంఠస్థం పట్టి గడగడా అప్పజెప్పేవాడు. తిండి మానేసిన పిల్లికి రెండుమూడు రోజుల్లోనే కాలేయం దెబ్బతింటుంది, మగపిల్లి బూడిదలో కూచుని ముక్కుతుంటే మలబద్ధకం అనుకోకూడదు, మూత్రం ఆగిపోయిందేమో చూడాలి, అన్నీ వచ్చు వాడికి. గచ్చు మీద పిల్లుల్ని చూస్తూ కూచోమంటే మాత్రం ఒళ్ళు విరుచుకునేవాడు.

చదువు అయిపోవచ్చింది. ఓ సాయంత్రం చారలమ్మ ఇద్దర్నీ పిలిచింది.

“పొద్దున్నే మావాళ్ళంతా గచ్చు మీదికి వస్తారు. అందులో ఒకరికి ఒంట్లో బాగోలేదు. ఎవరో చెప్పాలి. ముట్టుకోకూడదు, అడక్కూడదు. ఒక్క పేరే చెప్పాలి. తప్పయితే నా మాట ఉండదు.”

ఆవిడ అటు వెళ్ళగానే నక్క ఇటు మాయమయ్యాడు. కాసేపటికి మూతి నాక్కుంటూ వచ్చి గోధుమయ్య పక్కన చతికిలపడ్డాడు.

“తమ్ముడూ, పని అయిపోయింది. బొగ్గు.”

బొగ్గు అంటే మిల్లులో ఉండే నల్ల గండుపిల్లి.

“ఎలా తెలిసింది అన్నా?” అన్నాడు గోధుమయ్య.

“తెలుసుకోడానికేముంది? మంచి కొర్రమీను పట్టుకెళ్ళి వాడి ముందు పెట్టాను. నాకే బాగోలేదన్నాడు. నువ్వూ ఆ పేరే చెప్పు. కాలవకి ఆ పక్క పిల్లులన్నీ నీవి. ఈ పక్క చేపల మార్కెట్టు వైపు నాకొదిలెయ్. ఇద్దరం బాగుపడదాం.”

“ఏం బాగోలేదో చెప్పాడా?”

“పేరు చాలంది కదయ్యా ముసలావిడ. రోగం ఎవడిక్కావాలి?”

బొగ్గు సంగతి గోధుమయ్యకి ముందే తెలుసు. ఓరకంట చూడ్డం అలవాటయ్యాక అలాంటివి కనబడుతూనే ఉన్నాయి. అతని బెంగ బొగ్గు గురించి కాదు. చారలమ్మ గురించి.

చదువు మొదలైనప్పుడు ఆవిడ సంచుల గుట్ట పైన కూచుని పాఠం చెప్పేది. తర్వాత నడిమి సంచి మీదికి దిగింది. ఈమధ్య నేల మీదే కూచుంటోంది. పైన ఉక్కగా ఉందంటుంది. నడుం దగ్గర వెంట్రుకలు ఉండలు కట్టాయి. పిల్లి అన్నాక అక్కడిదాకా ఒళ్ళు తిప్పి నాక్కోకుండా ఉంటుందా? నీళ్ళ తొట్టి దగ్గరికి మాటిమాటికీ వెళ్తోంది. గోధుమయ్య రోజూ చూస్తున్నాడు. తను చూస్తున్నది తప్పయితే బాగుండునని రోజూ అనుకుంటున్నాడు.

ఒక్క పేరే చెప్పాలి. బొగ్గు అంటే చారలమ్మ మాట దొరుకుతుంది, కొట్టం గడప తెరుచుకుంటుంది. గురువుని పట్టుకుని మీకే బాగోలేదంటే ఏమవుతుంది? ఆ ఆలోచనతో అతనికి సరిగ్గా నిద్రపట్టలేదు.

పొద్దున్నే ఎండ పడే వేళకి పిల్లులన్నీ గచ్చెక్కాయి. ఒళ్ళు నాక్కునేది నాక్కుంటోంది, కునికేది కునుకుతోంది. ఒక్కదానికీ నలతున్నట్టు లేదు. చారలమ్మ గోడవారగా నేల మీద కూచుంది.

“నాగభూషణం, నువ్వు చెప్పు.”

నక్క గచ్చు ఈ చివర్నించి ఆ చివరిదాకా గంభీరంగా నడిచాడు. గొంతు సవరించుకున్నాడు.

“నా పరిశీలనలో, బొగ్గుగారికి ఆరోగ్యం సరిగా లేదమ్మా.”

“అవును” అంది చారలమ్మ. “ఏమయింది వాడికి?”

నాగభూషణం బొగ్గు వంక దొంగచూపు చూశాడు. “పేరు చాలన్నారు కదమ్మా?”

“చెప్పాల్సింది పేరే. తెలియాల్సింది పేరొక్కటే కాదుగా.”

“కడుపు నొప్పి లాంటిది.”

బొగ్గు కళ్ళు తెరిచి చూశాడు. “నిన్న సాయంత్రం నువ్విచ్చిన చేప నీ ఎదురుగానే తిన్నాను కదయ్యా” అన్నాడు. “మెడ పక్కకి వాల్చి ఒక్క దవడతోనే నమిలాను. సగం ముక్కలు కింద పడ్డాయి. తల కొరకలేక వదిలేస్తే అది నువ్వే తిన్నావు. అప్పుడెక్కడ చూస్తున్నావు?”

నాగభూషణం అప్పుడు చూసింది ఎవరైనా వస్తున్నారేమోనని, వీధి వైపు. ఆ మాట పైకి అనలేడు కదా. మొహం మాడ్చుకుని తూము పక్కకి జరిగాడు. పిల్లులేవీ నవ్వలేదు. తీరిగ్గా అటు తిరిగి కూచున్నాయి, అది నవ్వడం కంటే ఎక్కువ.

“గోధుమయ్యా” అంది చారలమ్మ.

“బొగ్గుకి ఎడమవైపు కింది పన్ను పాడయింది. చొంగ ఆ పక్కే కారుతోంది. ఇవాళే చూడాలి దాన్ని” అన్నాడు గోధుమయ్య. “కానీ నేను చెప్పే పేరు బొగ్గుది కాదమ్మా.”

“ఒక్క పేరే అన్నాను. ఆలోచించి చెప్పు.”

“ఆలోచించాను. మీది.”

చారలమ్మ చెవులు వెనక్కి వాలాయి. గచ్చు మీద కునికే పిల్లులన్నీ ఒక్కసారి కళ్ళు తెరిచాయి.

“నాకేం, నిక్షేపంలా ఉన్నాను.”

“ముత్యం కూడా అలాగే అందమ్మా. నేను నమ్మాను.”

“చూడు అబ్బాయీ. బొగ్గు అని ఒక్క మాటను. నువ్వు నెగ్గినట్టే. మీ కొట్టానికి ఇవాళే కబురు పెడతాను. దానికోసమే కదా ఇన్నాళ్ళూ తోక మీద కూచున్నావు.”

గోధుమయ్య కొట్టం ఉన్న వైపు ఓసారి చూశాడు.

“దానికోసమేనమ్మా” అన్నాడు. “మీ మాట లేకపోతే నన్ను అక్కడ ఎవరూ దగ్గరికి రానివ్వరు. నాకది చాలా కష్టం. కానీ మీకు నడుం పట్టేసింది. వెనక కాళ్ళ మీద బరువు పెట్టలేక ఆ సంచులు దిగి దిగి నేల మీదికొచ్చారు. నీళ్ళు తెగ తాగుతున్నారు, మూత్రపిండాలు కూడా చూడాలి. ఇంత చూసి బొగ్గు పేరు చెబితే, నేను ఇక్కడికి రాకముందు ఎలా ఉన్నానో ఇప్పుడూ అలాగే ఉన్నట్టు.”

చారలమ్మ తల తిప్పి తలుపులోంచి సంచుల గుట్ట వంక చూసింది. పిల్లులన్నీ అటే చూశాయి. ఆవిడ లేచి నాలుగడుగులు వేసింది. లోపల గుట్ట ముందు నిలబడింది. ముందు కాళ్ళు కింది సంచి మీద ఆనించింది. చాలాసేపు అలాగే ఉండి, కాళ్ళు తీసేసి కూచుండిపోయింది.

“ఎక్కలేను” అంది. ఆ మాట ఆవిడ నోట ఎవరూ విని ఉండలేదు. “వర్షాలప్పట్నించీ ఎక్కలేకపోతున్నాను. చెప్పుకోవాలంటే భయమేసింది.”

గోధుమయ్య ఆవిడ పక్కన, మొహం పక్కకి తిప్పి, మెల్లిగా కూచున్నాడు. “చూడమంటారా?”

“చూడు.”

ఎవర్నీ వీపు తాకనివ్వని ఆ ముసలావిడ పక్కకి వాలి పడుకుంది. గోధుమయ్య తొందరపడకుండా, తోక కదలకుండా, ఒక్కో ఎముకా తడిమి చూశాడు.

“వయసుతో వచ్చింది, పూర్తిగా పోదమ్మా. కానీ ఇంత బాధ పడక్కర్లేదు. పిల్లులకి పడే మందు, మీరు నేర్పిందే, కొద్దికొద్దిగా వేస్తాను. ఎండు తిండి మానేసి తడి తిండి తినండి. రెండు సంచులు అడ్డంగా వేసి మెట్లు కడతాను, మళ్ళీ పైకెక్కుతారు.”

“మరి నా సంగతేంటమ్మా?” అన్నాడు తూము దగ్గర్నించి నాగభూషణం.

“రేపట్నించి బొగ్గు తింటున్నంతసేపూ ఎదురుగా కూచో. చేప నువ్వే తేవాలి, తినకూడదు.”

నక్క తోక ఈడ్చుకుంటూ వెళ్ళిపోయాడు. చారలమ్మ పడుకున్నచోటునించే ఓ కుర్రపిల్లిని పిలిచి ‘ఈయన్ని నమ్మొచ్చు’ అని పాడి కొట్టానికి కబురు చెప్పి పంపింది. తర్వాత గోధుమయ్య వైపు చిరాగ్గా చూసింది.

“పిల్లులు దాచుకుంటాయని అందరికీ నేనే చెప్పాను. నేను దాచుకుంటే ఎవరికీ తెలియదనుకున్నాను” అంది. “నా పాఠం నా మీదే అప్పజెప్పావు కదయ్యా.”

గోధుమయ్య ఆవిడ నడుం దగ్గర ఉండలు కట్టిన వెంట్రుకల్ని ఒక్కొక్కటే విడదీస్తూ కూచున్నాడు.

బాగానే ఉన్నానని చెప్పడం రోగి ఇష్టం. నిజంగా బాగుందో లేదో చూడటం వైద్యుడి పని.