కొమ్ములు బిగించుకున్న గేదె

ఒకప్పుడు గేదెకు నీళ్ళంటే గిట్టేవి కావు. ఒక్క చినుకు వీపు మీద పడితే చాలు, పాకలోకి పరుగు తీసేది. వాగు అడ్డం వస్తే చుట్టూ తిరిగి, పొద్దుపోయాక ఇల్లు చేరేది. 'దున్నపోతు మీద వాన కురిసినట్టు' అనే మాట అప్పటికి ఇంకా పుట్టనేలేదు.

ఇప్పటి గేదెను చూస్తే ఈ మాట నమ్మబుద్ధి కాదు. నమ్మనివాళ్ళు లేచి వెళ్ళి ఆడుకోవచ్చు. మిగిలినవాళ్ళు దగ్గరికి జరగండి.

ఆ రోజుల్లో కొమ్ములు తలలోంచి మొలిచేవి కావు. వడ్రంగి బిగించేవాడు. పారకు కర్ర ఎలా బిగిస్తారో, తలకు కొమ్ములు అలాగే బిగించేవాడు. ఎద్దులూ మేకలూ పొట్టేళ్ళూ వడ్రంగి ఇంటి ముందు వరసలో నిలబడేవి. మన గేదె కూడా నిలబడింది. కానీ అది మహా నెమ్మది. "కాస్త నేను ముందు పోనా?" అని ఎవరడిగినా జరిగేది. జరిగి జరిగి ఆఖరికి చేరింది.

అప్పటికి వడ్రంగి పేరాచారికి ఆకలి దంచేస్తోంది. ఇంట్లోంచి పప్పు తాలింపు వాసన వస్తోంది. గబగబా రెండు కొమ్ములు ముందుకు తిరిగేలా తగిలించి, "ఇగ పో" అని లోపలికి వెళ్ళి పీట వేసుకున్నాడు. కొమ్ములు వదులు. ఆ సంగతి గేదెకు దారిలోనే తెలిసింది. ఈగను తోలడానికి తల విదిలించగానే కుడి కొమ్ము ఊడి పేడలో పడింది. ఎలాగో తల దూర్చి దాన్ని మళ్ళీ తగిలించుకుంది.

అప్పటినుంచి పాపం గేదె తల కదిలించలేదు. కొమ్ములు ముందుకు జారిపోతాయేమోనని మూతి పైకెత్తి, వాటిని వెనక్కి వాల్చుకుని నడవడం మొదలుపెట్టింది.

తల కదిలించకపోతే ఏమవుతుందంటారా? చాలా అవుతుంది. ఆ కాలంలో జంతువుల్లో ఒక కట్టుబాటు ఉండేది. కాదనాలంటే తల అడ్డంగా ఊపాలి. ఊపకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. నోటి మాట చెల్లదు. గేదెకు నోటి మాట కూడా అంత తొందరగా రాదు, ఎప్పుడూ నెమరు వేస్తూ ఉంటుంది కదా.

మెత్తనివాళ్ళను చూస్తే అందరికీ మొత్తబుద్ధే. కాకి వచ్చి, "నీ వీపు మీద కూర్చోనా?" అంది. గేదె తల ఊపలేదు. కాకి కూర్చుంది. మేక వచ్చి, "నీ కుడితి నేను తాగనా?" అంది. గేదె తల ఊపలేదు. మేక తొట్టి అడుగు దాకా నాకింది. కోడి అయితే అడగడం కూడా మానేసింది. గేదె మేసే గడ్డిలోనే గూడు కట్టి గుడ్లు పెట్టి, గేదె దగ్గరికొస్తే ముక్కు మీద పొడిచేది.

ఇవన్నీ గేదె ఓర్చుకుంది. అంతలో దానికి దూడ పుట్టింది. నుదుటి మీద తెల్లచుక్క ఉన్న బుజ్జి దూడ. నిలబడితే కాళ్ళు నాలుగు దిక్కులకూ పోయేవి. గేదె దాన్ని నాకి నాకి మెరిపించింది.

ఆ సంగతి తోడేలు చెవిన పడింది.

తోడేలు పొద్దున్నే బీడులోకి వచ్చి, ఎంతో మర్యాదగా పలకరించింది. "వదినా, ఒక్కదానివే దూడతో అవస్థ పడుతున్నావు. నేను తీసుకెళ్ళి పెంచుకోనా?"

గేదె తల ఊపుదామనుకుంది. ఊపితే కొమ్ములు ఊడిపోతాయి. కొమ్ములు లేని గేదెను చూసి తోడేలు ఆగుతుందా? ఊపకపోతే దూడను ఇచ్చేసినట్టే. గేదె కొయ్యలా నిలబడిపోయింది.

"మౌనం అర్ధాంగీకారం అన్నారు పెద్దలు," అంది తోడేలు. "అర్ధం అంటే సగం. సగం దూడ అయినా నాకు చాలు వదినా, పేచీ లేదు. అయినా నేను ధర్మం తప్పేదాన్ని కాను. రేపు పొద్దు గుంకేలోపు నువ్వు తల ఊపితే మళ్ళీ ఇటు రాను. ఊపకపోతే దూడ నాది."

మేక పక్కనే ఉండి అంతా విన్నది. విని, "పాపం," అని కుడితి తొట్టి వైపు వెళ్ళింది.

గేదె దూడను వెంటబెట్టుకుని పేరాచారి ఇంటికి పోయింది. అక్కడ నాగళ్ళు గుట్టగా పడి ఉన్నాయి. ఏరువాక రోజులు.

"కొమ్ములు... వదులు..." అంది గేదె, నెమరు ఆపి.

పేరాచారి పాలమూరు వైపు మనిషి. తల ఎత్తకుండానే, "ఏం బర్రె, గిప్పుడా వచ్చేది? నాగండ్లన్నీ గట్లనే పడి ఉన్నయ్. రైతులు నన్ను బతకనిస్తలేరు. ఏరువాక అయినంక రా, మంచిగ బిగిస్త," అన్నాడు.

"దూడ..." అంది గేదె.

"దూడకు ఇప్పుడే కొమ్ములెందుకు?" అని పేరాచారి మళ్ళీ ఉలి అందుకున్నాడు.

గేదె ఇంటికి తిరిగి వచ్చేసరికి సాయంత్రమైంది. ఇల్లంటే రత్తయ్య, మద్దమ్మల ఇల్లు. రత్తయ్యది కృష్ణ ఒడ్డు. మద్దమ్మది కర్నూలు వైపు. ఇద్దరూ మంచివాళ్ళే, పనిమంతులే. కానీ ఏ పనిముట్టునూ ఇద్దరూ ఒకే పేరుతో పిలవరు. అందుకని ఆ ఇంట్లో పని కంటే ముందు పేచీ మొదలయ్యేది.

"ఆ గునపం ఇటు పట్రావే," అన్నాడు రత్తయ్య.

"గునపమా? అట్లాంటిది మనింట్లో యాడుంది?" అంది మద్దమ్మ.

"నీ కాళ్ళ దగ్గరే ఉంది కదే."

"ఇదా? దీన్ని గడ్డపార అంటారయ్యా. పేరే తెల్దు, నువ్వేం తవ్వుతావు?"

గోడకు ఆనుకుని ఉన్న గునపం, అదే గడ్డపార, పెద్దగా ఆవలించింది. "నన్ను పలుగు అనేవాళ్ళు కూడా ఉన్నారు. పేరు పెట్టేవాళ్ళకు తీరిక ఎక్కువ. నేలలో దిగాల్సింది మాత్రం నేనే," అంది. నాగలి వెంటనే అందుకుంది. "నా గొడవ ఎవరికి చెప్పుకోను? ఆయన నాగలి అంటాడు, ఆమె మడక అంటుంది. ఇద్దరూ తేల్చుకునేసరికి నేల పదును కాస్తా ఆరిపోతుంది."

ఇంతలో రత్తయ్య పార ఎత్తాడు. ఇనుము అటు, కర్ర ఇటు ఊగింది.

"కామ వదులైందే," అన్నాడు.

"కామ ఏంది? కట్టె అను."

"ఏదో ఒకటి. వదులైంది అది. రేపు గట్టు వేసేదెట్టా?"

"తొట్లో నానెయ్యి. మా నాయన అట్లనే ఏస్తాండె."

రత్తయ్య ఆశ్చర్యపోయి ఆమె ముఖంలోకి చూశాడు. "మా అయ్యా అట్టాగే వేసేవాడు."

పెళ్ళయ్యాక వాళ్ళిద్దరూ ఒకే మాట మీద ఉండడం ఇదే మొదలు. ఆ సంతోషంలో పారను తీసుకెళ్ళి గేదె కుడితి తొట్టిలో పడేసి, నవ్వుకుంటూ అన్నం తినడానికి వెళ్ళారు.

గేదె తొట్టి దగ్గరికొచ్చి చూస్తే కుడితిలో పార పడుకుని ఉంది. ఒకటీ అరా మెతుకులు దాని చుట్టూ తేలుతున్నాయి.

"నువ్వూ... తాగడానికే... వచ్చావా?" అంది గేదె దిగులుగా.

"నేను కాదమ్మా, నా కామ తాగుతుంది," అంది పార. "ఎండకు కర్ర చిక్కిపోయింది. అందుకే నేను ఊగుతున్నాను. రాత్రంతా నీళ్ళలో ఉంటే కర్ర ఉబ్బుతుంది. కర్ర ఉబ్బితే ఇనుము బిగుస్తుంది. పొద్దున వచ్చి చూడు, ఏనుగు పట్టి లాగినా ఊడను."

గేదె నెమరు ఆపేసింది. పొద్దున రత్తయ్య వచ్చి పారను రాతి మీద గట్టిగా కొట్టి చూశాడు. అది కదలలేదు. గేదె ఆ చప్పుడు విని లేచి నిలబడింది.

కొమ్ములు ఇనుము అయితే తల కర్రే కదా. తల, మెడ, ఒళ్ళు అన్నీ కలిపి ఒకటే కామ. కామ నీళ్ళు తాగాలి. గేదెకు అర్థమైంది. కానీ నీళ్ళు. దానికి నీళ్ళంటే ఎంత భయమో చెప్పాను కదా. వాగు ఒడ్డున నిలబడి ముందు కాలు పెట్టి తీసింది. మళ్ళీ పెట్టి మళ్ళీ తీసింది. దూడ తల్లి పొట్టకు ఆనుకుని నిలబడి, "అమ్మా, చలి చేస్తుందా?" అని అడిగింది.

గేదె ఇంకేమీ ఆలోచించలేదు. కళ్ళు మూసుకుని మడుగులోకి దిగిపోయింది. మెడ దాకా మునిగింది. ముక్కులోకి నీళ్ళు పోకుండా మూతి పైకెత్తింది. కొమ్ములు ఎప్పటిలాగే వెనక్కి వాలి ఉన్నాయి.

కాసేపటికి కళ్ళు తెరిచింది. చచ్చిపోలేదు. పైగా హాయిగా ఉంది. ఈగలు లేవు. ఎండ లేదు. మేక లేదు. ఇన్నాళ్ళూ ఈ సుఖం తెలియకుండా ఎలా బతికానా అనుకుంది.

కాకి వచ్చి ఒడ్డున వాలింది. "పొద్దు వాలుతోంది, తోడేలు వస్తుంది, ఇక బయటికి రావా?" అంది. గేదె కదలలేదు. కర్ర ఇంకా నానాలి.

పొద్దు కొండంచుకు చేరాక తోడేలు రానే వచ్చింది. దూడ పరుగెత్తి నీళ్ళంచున నిలబడి వణికింది. గేదె మెల్లగా ఒడ్డెక్కింది. ఒంటి మీంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి.

"ఏం వదినా, స్నానం చేశావా? పిల్లను అత్తారింటికి పంపేటప్పుడు ఆ మాత్రం ఉండాలి," అంది తోడేలు. "మరి తీసుకెళ్ళనా?"

గేదె దూడ వైపు చూసింది. ఊపితే కొమ్ములు నిలుస్తాయో లేదో దానికి తెలియదు. ఊడిపడితే దూడా పోతుంది, తనూ పోతుంది. అయినా ఇక ఆగడానికి లేదు. తలను చాలా కొంచెం, ఈగ తోలినంత, పక్కకు తిప్పింది.

కొమ్ములు కదలలేదు.

ఈసారి అటునుంచి ఇటు పూర్తిగా ఊపింది. కొమ్ములు నిలిచాయి. చెవులు ఫటఫటా కొట్టుకుని, నీళ్ళు చెదిరి తోడేలు ముఖం నిండా పడ్డాయి.

"సరే, అర్థమైంది," అంది తోడేలు కళ్ళు తుడుచుకుంటూ.

గేదె ఆపలేదు. మళ్ళీ ఊపింది. ఇన్నాళ్ళు ఊపనివన్నీ కలిపి ఊపింది. తాగని కుడితికి ఒకసారి, ముక్కు మీద పడ్డ పోట్లకు ఒకసారి ఊపింది. దూడ కోసమైతే ఎంతసేపు ఊపిందో దానికే తెలియదు. తోడేలు నిలువునా తడిసింది.

"ఒకసారి చాలు వదినా, కట్టుబాటు ప్రకారం ఒక్కసారే చాలు," అంటూ వెనక్కి నడిచింది తోడేలు.

వదిన వినిపించుకోలేదు. తల వంచి ఒక్క కుమ్ము కుమ్మింది. తోడేలు గాల్లోకి లేచి తుమ్మకంపలో పడింది. ముళ్ళు పీక్కోవడానికి దానికి ఏరువాక అంతా పట్టిందని తరవాత కాకి అందరికీ చెప్పింది.

ఇంటికొచ్చేసరికి మేక తొట్టి దగ్గర సిద్ధంగా ఉంది. "తాగనా?" అంది అలవాటు కొద్దీ. గేదె తల అడ్డంగా ఊపింది. మేకకు పొలమారింది. కోడి చెప్పించుకోలేదు, తన గుడ్లు తనే వేరే చోటికి దొర్లించుకుంది. కాకి మాత్రం, "నేను ఈగలు పట్టి పెడతాను," అని బతిమాలింది. దాన్ని ఉండనిచ్చింది.

మద్దమ్మ చెంబు పట్టుకుని పాలకు వచ్చింది. "దా ఎనుమా," అని పొదుగు కింద కూర్చుంది. గేదె ఆమెకూ తల ఊపింది. మద్దమ్మ తెల్లబోయింది. గేదె దూడ వైపు చూపించింది. ముందు దూడ తాగాలి, ఆ తరవాతే చెంబు. మద్దమ్మ "న్యాయమే," అని దూడను విప్పింది.

ఏరువాక అయ్యాక పేరాచారి సుత్తి పట్టుకుని మాట నిలబెట్టుకోవడానికి వచ్చాడు. గేదెను చూసి నోరు తెరిచాడు. "నేను కొమ్ములు ముందుకు పెట్టిన గదా. ఎనక్కి ఎట్ల తిరిగినయ్?" అని ఒకటి పట్టుకుని లాగాడు. రాలేదు. కాలు తన్నిపెట్టి లాగాడు. ఆయనే జారి పేడలో కూర్చున్నాడు. వెనక్కి వాల్చి ఉండగా నానాయి కాబట్టి, కొమ్ములు అలాగే బిగిసిపోయాయి.

అప్పటినుంచే గేదె కొమ్ములు వెనక్కి వాలి ఉంటాయి. అప్పటినుంచే అది నీళ్ళు కనిపిస్తే చాలు, మెడ దాకా దిగి, మూతి పైకెత్తి పడుకుంటుంది. ఎండకు ఒళ్ళు ఆరితే కొమ్ములు మళ్ళీ వదులవుతాయేమోనని దానికి ఈ రోజుకూ భయమే. మనం గట్టు మీద నిలబడి ఎంత అరిచినా, రాయి విసిరినా, బద్ధకం అని తిట్టినా అది బయటికి రాదు. దూడ ఉన్న తల్లి కదా, కొమ్ములు బిగిశాయన్న నమ్మకం కుదిరేదాకా గట్టెక్కదు.