తల్లి దుంప

ఆగడం నీకు చేతకాదు. విత్తనం పెట్టిన మర్నాడే మొలిచిందా లేదా అని వేలితో మట్టి కెలుకుతావు. నీకే చెబుతున్నాను, కదలకుండా కూర్చుని విను.

గోదావరి పక్క కొండల్లో, బొడ్డుమామిడి అనే చిన్న ఊళ్లో సోంబిరెడ్డి అనే ఓర్పులేని మనిషి ఉండేవాడు. భార్య చనిపోయింది. పిల్లలు లేరు. ఇరుగుపొరుగువాళ్లే అతనికి చుట్టాలు.

ఊరి పైనున్న వాలులో, పెద్ద చెట్ల నీడన పాలగుండ మొక్కలు పెరిగేవి. ఊరివాళ్లు వాటి దుంపలను అరగదీసి, నీళ్లలో తేర్చి, ఎండబెట్టి, ఆ పిండితో జావ కాచుకునేవారు. మిగిలింది సంతలో అమ్ముకునేవారు. వాళ్లకొక కట్టుబాటు ఉండేది. ఆకులు ఎండాకే తవ్వాలి. పక్క పిలకలు తీసుకుని, నడుమనున్న తల్లి దుంపను మళ్లీ మట్టిలో కప్పెయ్యాలి.

సోంబిరెడ్డి తల్లి దుంపను కూడా బుట్టలో వేసుకునేవాడు. ఒకరోజు పక్కింటి జోగవ్వ చూసింది.

"ఒరే, తల్లిని కూడా పీకావేంట్రా?"

"బుట్ట నిండొద్దా అవ్వా? అయినా అడవికి నాట్లేసిందెవరు, నీళ్లు పోసిందెవరు? అదే మొలుస్తుంది."

"వేసినవాళ్లు లేరు గనకే మళ్లీ వేసేవాళ్లూ లేరు. పెద్ద చెట్ల గింజను గాలి మోస్తుంది, పిట్ట మోస్తుంది. నీడన బతికేదానికి గాలెక్కడిది? చీమే దాని బండి. గింజకు అంటుకున్న తెల్లటి కండ కోసం చీమ దాన్ని మూరెడు దూరం ఈడ్చుకుపోతుంది. ఏడాదికి దాని నడక అంతే. ఈ వాలు నిండడానికి ఎన్ని తరాలు పట్టిందో! మనిషి పుట్టకముందే బయలుదేరిందిరా అది."

"అయితే కాస్త పరుగెత్తమని నీ చీమలకు చెప్పు," అని సోంబిరెడ్డి నవ్వాడు.

వాలులో తన వంతు చోటు ఖాళీ అయ్యాక అతను ఇతరుల చోట్లలోనూ తవ్వాడు. కొన్నేళ్లకు వాలంతా బోసిపోయింది. గుంతల్లో పులికంప ముళ్లపొదలు అల్లుకున్నాయి. తిండికి జరగక ఊరివాళ్లు వాగు అవతలి కొండకు పోదామనుకున్నారు. అక్కడివాళ్లది ఒకటే కట్టు. వచ్చే ప్రతి ఇల్లూ తను పెంచిన తల్లి దుంపను తెచ్చి తమ వాలులో నాటాలి.

మిగతావాళ్లు అప్పటికే గుడిసెల వెనక చెట్ల కింద ఒకటీ అరా పెంచుకుని ఉన్నారు. సోంబిరెడ్డి దగ్గర ఒక్కటీ లేదు.

వెళ్లే రోజున జోగవ్వ తన దుంపల్లో ఒకటి అతని చేతిలో పెట్టింది.

"నీడన నాటు. రెండు వానాకాలాలు ముట్టకు. తర్వాత తీసుకుని వచ్చెయ్. మా పక్కన నీకు చోటుంచుతాను."

"అన్నాళ్లు నేనెవరితో మాట్లాడను అవ్వా?"

"దానితోనే మాట్లాడు. నీకంటే దానికే ఓపికెక్కువ."

వాళ్లు వెళ్లిపోయారు. వానలు పడ్డాయి. మట్టిలోంచి రెండాకులు వచ్చాయి. రమ్మని పిలిచి చూపించడానికి ఊళ్లో ఎవరూ లేరు. సాయంత్రాలు వాగు అవతల పొగ లేచేది. ఎవరో తల్లి బిడ్డను అన్నానికి పిలిచేది. సోంబిరెడ్డి గుమ్మంలో కూర్చుని వినేవాడు.

ఒకనాడు ఇక ఆగలేకపోయాడు. "ఈపాటికి పిలకలు వేసే ఉంటుంది. ఇప్పుడే తీసుకుపోతే ఏం?" అనుకుని వానలోనే గునపం దించాడు. ఒక్క పిలకా లేదు. గునపం పోటుకు తల్లి దుంప రెండు చెక్కలైంది. గబగబా మట్టి కప్పాడు. నాలుగు రోజుల్లో అది కుళ్లిపోయింది.

అతను వాగు ఒడ్డుకు వెళ్లి కేకేశాడు. అవతల జోగవ్వ వచ్చి నిలబడింది.

"తెచ్చావా?"

సోంబిరెడ్డి ఖాళీ చేతులు చూపించాడు.

"కట్టు నేను పెట్టింది కాదురా నాయనా," అంది అవ్వ. కొంగుతో కళ్లు తుడుచుకుని వెనక్కి తిరిగింది. అతనికి ఉంచిన చోటులో తర్వాత ఎవరో మేకలను కట్టుకున్నారు.

తరతరాల ఓర్పుతో పెరిగినదాన్ని తొందరపడి పీకేవాడికి తిండీ మిగలదు, తోడూ మిగలదు. సోంబిరెడ్డి అవతలి పొగ చూస్తూ, పలకరించే దిక్కులేక, ఆ గుడిసెలోనే ఒంటరిగా ముసలివాడై చచ్చిపోయాడు.