ఒకటిన్నర మార్కుల కోత

బందరులో వయొలిన్ నేర్పే రత్నాంబ గారికి ఒక అలవాటు ఉంది. శిష్యులు ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు. ఏదో ఒక పని చెబుతారు. ఆ పని ముగిసేసరికి జవాబు దొరికిందా సరే, లేకపోతే మళ్ళీ అడగడానికి ఎవరికీ ధైర్యం చాలదు. ఆరేళ్ళుగా ఆవిడ దగ్గర నేర్చుకుంటున్న కౌండిన్యకు ఈ అలవాటంటే ఒళ్ళుమంట.

ఆ వారం మంట మరీ ఎక్కువైంది. ఆదివారం నాడు ఊళ్ళో పదహారేళ్ళ అమ్మాయి ఒకతె మొదటి పాటకచేరీ చేయబోతోంది. పక్కన వాయించడానికి ఒకరిని పంపమని రత్నాంబ గారికి కబురొచ్చింది. కౌండిన్య ఇంతవరకూ వేదిక ఎక్కలేదు. తన తర్వాత రెండేళ్ళకు చేరిన హైమ అప్పుడే నాలుగు కచేరీలు వాయించేసింది. ఈసారి కూడా తనని దాటేస్తే వయొలిన్ పెట్టెను అటకెక్కించేయడమే అనుకున్నాడు. పాఠం అయ్యాక చాప మీంచి లేవకుండా అడిగేశాడు.

"టీచరుగారూ, నా చేతిలో దోషం లేదని మీరే అన్నారు. చెవి పండలేదంటారు. పండకపోవడమంటే ఏమిటండీ? నా చెవిని నమ్మి జనం ఇయర్‌ఫోన్లు కొనుక్కుంటున్నారు!"

అందులో అబద్ధమేమీ లేదు. ఉద్యోగం, పాఠం పోగా మిగిలిన వేళంతా అతను ఖరీదైన ఇయర్‌ఫోన్లు తెప్పించుకుని విని, ఏది ఎలా పలుకుతోందో ఇంటర్నెట్‌లో రాస్తుంటాడు, పదికి ఇన్ని అని మార్కులు కూడా వేస్తాడు. అప్పుడతని జేబులో ఉన్న జత ధర వింటే రత్నాంబ గారు మంచినీళ్ళు అడిగేవారు. అది చెవి లోపలికంటా దిగిపోతుందట. పాడేవాళ్ళు ఊపిరి తీసుకోవడం కూడా వినిపిస్తుందట.

రత్నాంబ గారు అలవాటు తప్పలేదు. మేనల్లుడు పాత టేపులోంచి ఫోనులోకి ఎక్కించిపెట్టిన కచేరీ ఒకటి అతనికి పంపారు. "దీన్ని విని, నువ్వు రాసేటట్టే రాసి పట్టుకురా," అన్నారు. పాడిందెవరో, వాయించిందెవరో చెప్పలేదు. ఇంత సూటిగా అడిగినా ఇదేనా అని కౌండిన్య దారంతా సణుక్కుంటూ ఇంటికి పోయాడు.

మూడో రోజున నాలుగు పేజీలు పట్టుకొచ్చాడు. ఉత్సాహం ఆగక ఇంటర్నెట్‌లో పెట్టేశాడు కూడా. చదవమంటే గొంతు సవరించుకుని మొదలెట్టాడు.

"'మృదంగం మోత బిగువుగా ఉంది, గాత్రం మీద పడదు. తంబూరా నాదం వెనకాల పలచగా పరుచుకుంది. తీగను ఒకసారి మీటిన అతి చిన్న శబ్దాన్ని కూడా ఈ జత దాచలేదు. అయితే ఇరవై నాలుగో నిమిషంలో టప్‌మని ఒక చప్పుడు. అక్కణ్ణుంచి మూడు నిమిషాలు వయొలిన్ లేనే లేదు. కీచు స్వరాలను ఈ జత మోయలేక వదిలేసినట్టుంది. అందుకు ఒకటిన్నర మార్కుల కోత. గాయకుడు కూడా అక్కడ ఒకే పంక్తిని తొమ్మిదిసార్లు తిప్పి విసిగించాడు. అకారణంగా పంచమం మీద చాలాసేపు నిలబడ్డాడు. ఆ నిలుపులో మాత్రం ఈ జత నునుపు బాగా తెలుస్తుంది...'"

"ఆగు. ఎలాగన్నావ్? మళ్ళీ చదువు."

"'అకారణంగా పంచమం మీద...'"

"అకారణంగా!" రత్నాంబ గారు కళ్ళజోడు తీసి చాప మీద పడేశారు. "ఒరేయ్, వాయించేవాడివే కదరా నువ్వు! టప్‌మంటే ఏమిటో తెలీదూ? పెట్టెలో విడిగా ఇంకో తీగ ఎందుకు పెట్టుకుంటావు, అలంకారానికా?"

కౌండిన్య తీగలే ఎన్ని తెగలేదు! పక్క గదిలో తెగినా ఆ చప్పుడు గుర్తుపట్టగలడు. ఇయర్‌ఫోన్లు చెవిలో పెట్టుకున్నాక మాత్రం, తప్పంటూ జరిగితే అది వాటిదే అయి ఉంటుందనుకున్నాడు.

"ఫోను ఇక్కడ పెట్టు. ఆ చెవి బిరడాలేమీ వద్దు, ఆ చప్పుడుకి కాస్త ముందునుంచి బయటికే వినిపించు."

ఫోనులోంచి కచేరీ సన్నగా, గరగరలాడుతూ వచ్చింది. కల్యాణి రాగం. గాయకుడొక పంక్తి పాడితే వయొలిన్ జవాబిస్తోంది. ఇంతలో టప్.

"నా పంచమం తీగ," అన్నారు రత్నాంబ గారు. "నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు. రెండో కచేరీ. ముందు వరసలో మా గురువుగారు కూర్చున్నారు. ఇదిగో, ఇప్పుడు నా వంతు. తీగేదీ? పాడే ఆయన ఆగలేదు చూడు. జనం నావైపు తిరగకుండా నా వంతు కూడా తనే పాడేస్తున్నారు."

అదే పంక్తి మళ్ళీ వచ్చింది. మళ్ళీ వచ్చింది. దాని అడుగున కిర్రుమని చిన్న చప్పుడు.

"అది నేను కొత్త తీగ వేసి, బిగించడానికి బిరడా తిప్పడం. తంబూరా అటు పక్కనుంది, నాకు శ్రుతి అందడం లేదు. ఏడుపొచ్చేస్తోంది."

గాయకుడి గొంతు పంచమానికి ఎక్కి అక్కడే నిలబడిపోయింది. ఆ నిలుపు కింద ఎవరో తీగ మీటారు. కాస్త తక్కువగా ఉంది. మళ్ళీ మీటారు. ఇంకొంచెం పైకి జరిగి, మూడోసారికి వెళ్ళి ఆ గొంతులో కలిసింది. అప్పటిగ్గానీ ఆయన పంక్తి ముగించలేదు. ముగించగానే వయొలిన్ అందుకుంది. జనం చప్పట్లు కొట్టారు.

ఆ మీటిన చప్పుడే కౌండిన్య కాగితంలో ఇయర్‌ఫోన్ల గొప్పగా ఉంది. సిగ్గుతో అతని చెవులు భగ్గుమన్నాయి. కాగితాలు నాలుగూ మడిచి జేబులో కుక్కుకున్నాడు.

"ఇంటికెళ్ళగానే తీసేస్తానండీ," అన్నాడు.

"నీ ఇష్టం."

అడగకూడదనుకుంటూనే అడిగాడు. "మరి ఆదివారం..."

రత్నాంబ గారు కళ్ళజోడు వెతికి పెట్టుకున్నారు. "ఆ పిల్లకి పదహారేళ్ళు. ఎక్కడో ఒకచోట గొంతు పట్టేస్తుంది," అన్నారు. "అప్పుడు దానికెన్ని మార్కులు కోస్తావో ఆలోచించుకుని, రేపు పొద్దున వచ్చి చెప్పు."